ఒడి నిండకపోతే ఇల్లాలు కాదా?

ఇల్లాలితో కాసేపు



ఈ నెల ఈ పేజీని ఒక్క ఉత్తరానికే కేటాయిస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గర పల్లె నుండి ఒక చెల్లెలు రాసింది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరింది గనుక ఆ రెండూ వదిలి, మిగిలినది ఆమె మాటల్లోనే క్లుప్తంగా ఇస్తున్నాను.

"అక్కయ్యగారికి వందనాలు. నాకు పెళ్లయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. ఆదివారం ఆరాధన అయి చర్చి మెట్లు దిగేలోపు కనీసం ఇద్దరైనా 'ఏటమ్మా, ఇంకా విశేషమేటీ లేదేటి?' అని అడుగుతారు. స్త్రీల కూటంలో నా పేరు చెప్పి గర్భఫలం కోసం ప్రార్థన చేస్తారు. ప్రార్థన మంచిదే. కాని కళ్లు తెరిచేసరికి అందరూ నా కడుపు వంకే చూస్తున్నట్టు ఉంటుంది. మదర్స్ డే నాడు తల్లులందరినీ నిలబెట్టి పూలిచ్చారు. నేను కూర్చునే ఉన్నాను.

"మా అత్తమ్మ చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోస్తుంది. కోపమొస్తే మాత్రం 'వంశధార ఒడ్డున కాపురముండి వంశం నిలపలేకపోయింది' అంటుంది. విశాఖపట్నంలో మా ఆడపడుచు వాళ్లు మోర్మన్ సంఘంలో చేరారు. కుటుంబం చనిపోయాక కూడా విడిపోదని, పిల్లల్ని కనడం దేవుని ఆజ్ఞ అని ఆమె చెప్పింది. ప్రేమతోనే చెప్పింది. నాకు మాత్రం ఈ లోకంలోనూ పైలోకంలోనూ నా ఖాళీ ఒడే కనిపించింది.

"పరీక్షలన్నీ నాకే చేయించారు. నాలో లోపమేమీ కనబడలేదని డాక్టరమ్మ చెప్పింది. మా వారు పరీక్షకు రానన్నారు. సంక్రాంతి వెళ్లాక ఆయనకు ఇంకో సంబంధం చూద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. నేనే మా కన్నవారింటికి వెళ్లిపోతే ఆయన వంశం నిలుస్తుంది కదా? అలా వెళ్లిపోవడం పాపమా అక్కయ్యగారూ?"

చెల్లీ, నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. నీ ప్రశ్న నిన్ను అడగవలసినది కాదు. నీ చుట్టూ ఉన్న మమ్మల్నందరినీ అడగవలసినది. అందుకే ఈ జవాబు నీకూ, నీ భర్తకూ, నీ అత్తగారికీ, మన సంఘాలకూ కలిపి రాస్తున్నాను.

కథలో లేని మనిషి

మీ ఊరి దగ్గరి గుడి కథ నీకు తెలిసే ఉంటుంది. శ్రీముఖలింగం ఒకప్పటి కళింగనగరమని, తూర్పు గాంగుల రాజధాని అని చరిత్రకారులు చెబుతారు. అక్కడి మధుకేశ్వరాలయంలో ముఖలింగం వెనుక ఒక పెద్ద మట్టి గోలెం ఉంది. దాని గురించి ఆ చుట్టుపక్కల చెప్పుకొనే కథ ఇది. ఒక కుమ్మరికి సంతానం లేదు. బిడ్డ పుడితే గోలెంతో పాలు తెచ్చి అభిషేకం చేస్తానని మొక్కుకున్నాడు. కొడుకు పుట్టాడు. సంతోషంతో చేసిన గోలెం గుమ్మం పట్టనంత పెద్దదైంది. విసిగి బయటే వదిలేసి పోతే తెల్లవారేసరికి అది లోపలికి చేరి ఉందట.

ఎవరి నమ్మకం వారిది. దాని గురించి నేను వాదించబోవడం లేదు. నేను చూసేది ఆ కథలో లేని మనిషిని. కుమ్మరి ఉన్నాడు, కొడుకు ఉన్నాడు, గోలెం కూడా ఉంది. ఆ బిడ్డను మోసి కన్న కుమ్మరి భార్య ఏది? బిడ్డ లేనన్నాళ్లూ ఆమె ఎన్ని మాటలు పడిందో ఎవరూ చెప్పరు. పిల్లలు పుట్టకపోతే అందరి నోటా ఆడదాని పేరే. పుట్టాక మొక్కు తీర్చినవాడి పేరు, వంశం పేరు.

ఇది గుడి కథల్లోనే ఉన్న సంగతి అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. మన సంఘాల్లోనూ ఇదే జరుగుతోంది.

మోర్మన్ల మాట

నీ ఆడపడుచు మాట దగ్గరికి వస్తాను. ఆ సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 1978లో, సమోవాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాడు ఎడ్విన్ ధర్మరాజు కుటుంబంతో హైదరాబాదు వచ్చి తన బంధువులకు ఆ బోధ వినిపించారు. ఆయన మామగారు బాప్టిస్టు బోధకుడైన పి. శ్రీనివాసం మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. భారతదేశంలో ఆ సంఘపు మొదటి 'స్టేకు', అంటే అనేక స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. కాబట్టి ఇది ఎక్కడో అమెరికాలోని సంగతి కాదు, మన చుట్టాల ఇళ్లలోని సంగతే.

వారి ఉపదేశాలలో ఎన్నింటితోనో మనం ఏకీభవించము. కాని వారి విషయంలో అబద్ధం చెప్పకూడదు. ఆత్మలు పుట్టుకకు ముందే దేవుని యొద్ద ఉంటాయని, శరీరం కోసం భూమి మీదికి వస్తాయని వారి నమ్మిక. దేవాలయంలో ముద్రింపబడిన భార్యాభర్తలు, పిల్లలు నిత్యత్వంలోనూ కలిసి ఉంటారని నమ్ముతారు. 1969లో వారి ప్రథమ అధ్యక్షత్వం రాసిన లేఖ పుట్టుకలను అరికట్టుకోవడాన్ని తప్పుపట్టింది. భార్య ఆరోగ్యాన్ని భర్త గౌరవించాలని కూడా అదే లేఖ చెప్పింది. 1995లో గార్డన్ హింక్లీ అధ్యక్షుడుగా ఉండగా వెలువడిన కుటుంబ ప్రకటన, ఫలించి వృద్ధిపొందమన్న ఆజ్ఞ ఇంకా అమలులోనే ఉందన్నది. ఇలాంటి బోధ మధ్య బిడ్డ లేని భార్య ఎంత నలుగుతుందో ఊహించుకోవచ్చు. ఆ సంఘం బలంగా ఉన్న యూటా రాష్ట్రం చాలా ఏళ్లు అమెరికాలో జననాల రేటులో పైవరుసలో నిలిచింది.

అయితే మరో వైపు కూడా ఉంది. ఎందరు పిల్లలు, ఎప్పుడు అన్నది ఆ భార్యాభర్తలకూ ప్రభువుకూ మధ్య నిర్ణయమని, ఒకరినొకరు తీర్పు తీర్చకూడదని ఇప్పుడు వారి నియమావళిలోనే ఉంది. 2001లో వారి స్త్రీల సంస్థ నాయకురాలు షెరీ డ్యూ, తాను అవివాహిత అయి ఉండి, తల్లితనం పిల్లలను కనడంతో ముగిసిపోయేది కాదని మహాసభలో ప్రసంగించింది. పుస్తకంలో నియమం మారినంత త్వరగా మనుషుల నోళ్లు మారవు. ఇది వారికీ నిజమే, మనకూ నిజమే. మన సంఘాలలో ఏ నియమావళిలోనూ పిల్లలు లేని స్త్రీ తక్కువది అని రాసి లేదు. అయినా నువ్వు మదర్స్ డే నాడు తలవంచుకొని కూర్చున్నావు గదా!

వాక్యం ఏమంటుంది?

ఆదికాండము మొదటి అధ్యాయంలో ఫలించి వృద్ధిపొందమన్న మాట ఆశీర్వాదంగా మొదలవుతుంది. ఆశీర్వాదం ఇచ్చేవాడు దేవుడు. దానిని అప్పుగా మార్చి కోడలి దగ్గర వసూలు చేసే అధికారం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. రెండవ అధ్యాయంలో వివాహం ఏర్పడినప్పుడు ఒంటరితనం పోవడం, తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకోవడం, ఏకశరీరమవడం ఉన్నాయి. బిడ్డ పుట్టేవరకు అది సగం వివాహమని అక్కడ లేదు.

పాపం వల్లనే గర్భం మూసుకుపోయిందని కొందరు తొందరపడి చెబుతారు. వారు లూకా సువార్త మొదటి అధ్యాయం మళ్లీ చదవాలి. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ నిందలేనివారని చెప్పిన వెంటనే, వారికి పిల్లలు లేరని లూకా రాశాడు. నీతి, బిడ్డలేమి రెండూ ఒకే ఇంట్లో ఉండవచ్చునన్నమాట.

హన్నా సంగతి చూడండి. ఏటేటా షిలోహుకు వెళ్లేది. ఏటేటా పెనిన్నా మాటలు పడేది. భర్త ఎల్కానా ప్రేమగలవాడే. ఆమె ఏడుస్తుంటే, పదిమంది కొడుకులకంటే తాను ఎక్కువ కాదా అని ఓదార్చాడు. కాని పెనిన్నాతో ఒక్క మాట చెప్పి ఆ ఎత్తిపొడుపులు ఆపించినట్టు మనకు కనబడదు. మందిరంలో యాజకుడైన ఏలీ ఆమె ఏడుపును మత్తు అనుకున్నాడు. ప్రేమించే భర్త, ప్రార్థించే మందిరం రెండూ ఉండి కూడా ఆమె ఒంటరిదైంది. నీ ఉత్తరం చదివినప్పుడు నాకు హన్నాయే గుర్తుకొచ్చింది.

"అక్కయ్యగారూ, హన్నాకు చివరికి కొడుకు పుట్టాడు కదా, శారాకు పుట్టాడు, రాహేలుకు పుట్టాడు, మరి నాకో?" అని నువ్వు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందరికీ పుడతారని నేను చెప్పను. అలా చెప్పి తేదీ కూడా పెట్టి, కానుక అడిగే బోధకుల మాట నమ్మవద్దు. అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో సంఘం కూడేది. పౌలుకు ఆశ్రయమిచ్చారు, అపొల్లోకు మార్గం విశదపరిచారు. వారికి పిల్లలున్నట్టు లేఖనం ఎక్కడా చెప్పలేదు. ఆ లోటు చూపి వారిని తగ్గించిన అపొస్తలుడూ లేడు.

అన్నిటికంటే ముఖ్యమైనది లూకా సువార్త పదకొండవ అధ్యాయం. ఒక స్త్రీ జనసమూహంలో నుండి యేసు తల్లి గర్భాన్ని గొప్ప చేసి కేక వేసింది. ఆడదాని ఘనత కన్న కడుపులోనే ఉందని ఆ కాలం నేర్పిన మాట అది. దేవుని వాక్యము విని దానిని గైకొనేవారే మరి ధన్యులని ప్రభువు జవాబిచ్చాడు. కన్నతల్లి మరియ విషయంలోనే ఆయన ఆ కొలబద్ద పెట్టాడు. నీ విషయంలో వేరే కొలబద్ద పెట్టడానికి మేమెవరం?

తమ్ముడితో ఒక మాట

ఈ పేజీ నీ భర్త చదివితే బాగుండును. తమ్ముడూ, ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతే ఇద్దరూ వైద్యుల దగ్గరకు వెళ్లాలి. భార్యకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. ఇటువంటి జంటలలో సగం వరకు మగవారి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. మగవారి పరీక్ష తేలిక. కోతలేదు, నొప్పిలేదు, ఖర్చూ తక్కువే. ఆడవారికి చేసే పరీక్షలు అలా కాదు. ఆమె అన్నీ చేయించుకొని నిలబడింది. నువ్వు ఒక్క పరీక్షకు సిగ్గుపడుతున్నావు. లోపం ఉందని తేలినా అది మగతనానికి మచ్చ కాదు. వృషణాల నరాల ఉబ్బు, పొగాకు, సారా, అధిక వేడి, కొన్ని జబ్బులు, ఇవన్నీ కారణాలు కావచ్చు. చాలావాటికి వైద్యముంది. ఆడవారిలోనూ థైరాయిడు, గర్భనాళాలు మూసుకుపోవడం, గర్భసంచికి సోకిన క్షయ వంటివి పసరు మందులతో పోయేవి కావు. ఇక కొడుకా కూతురా అన్నది నిర్ణయించేది తండ్రి బీజమే. ఆ విషయంలోనూ కోడలిని అనే హక్కు ఎవరికీ లేదు.

ఇంకో సంగతి. మీ పెద్దలు సంబంధం చూస్తామంటే నువ్వు మౌనంగా ఉన్నావు. మౌనం అంగీకారం కింద లెక్క. క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది, 2001లో సవరించారు. పిల్లలు పుట్టకపోవడం అందులో విడాకులకు కారణం కాదు. భార్య ఉండగా రెండో పెళ్లి భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద నేరం. ఏడేళ్ల వరకు జైలు. పెద్దమనుషుల ఒప్పందం దాన్ని మార్చలేదు. అయితే చట్టానికి భయపడి కాక, పెళ్లినాడు దేవుని ఎదుట చేసిన ప్రమాణానికి విలువిచ్చి 'కాదు' అను. నీ తల్లి ఎదుట నువ్వు ఒక్కసారి అనే ఆ మాట నీ భార్యకు వంద ప్రార్థనల పెట్టు.

అత్తగారికీ సంఘానికీ

అత్తమ్మగారూ, మీ కోడలు మిమ్మల్ని చెడ్డదని రాయలేదు. గంజి కాచి పోస్తుందని రాసింది. ఆ చేతులకు తగిన మాట మీ నోట ఉండాలని నా మనవి. మనవడి కోసం మీ ఆశ తప్పు కాదు. మీ కాలంలో మీరూ ఇవే మాటలు పడి ఉంటారు. ఒకప్పుడు ఆపరేషను చేయించుకోమని ఇంటింటికీ తిరిగారు. ఈ రాష్ట్రంలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ప్రతి పదిమంది ఆడవారిలో దాదాపు ఏడుగురు ఆ ఆపరేషను చేయించుకున్నవారే. మగవారు నూటికి ఒక్కరు కూడా లేరు. పంచాయతీ ఎన్నికలలో ఇద్దరు పిల్లల నిబంధన 1994 నుండి ఉండి 2024లో రద్దయింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. తక్కువ కనమన్నా, ఎక్కువ కనమన్నా, అసలు కనలేదన్నా భారం ఆడదాని ఒంటి మీదే పడుతోంది. అది తెలిసిన మీరే ఆమెకు అండ కావాలి.

సంఘ పెద్దలకు, స్త్రీల కూటముల నాయకురాళ్లకు మూడే మాటలు. ఆమె అడగకుండా ఆమె పేరు చెప్పి గర్భఫలం కోసం బహిరంగ ప్రార్థన చేయవద్దు. ఇంట్లో, రహస్యమందు చేయండి, దేవుడు వింటాడు. చర్చి మెట్ల మీద ఆ ప్రశ్న మానండి. ఒంట్లో ఎలా ఉంది, ఏం చదువుతున్నావు, పంట ఎలా ఉంది, అడగడానికి ఎన్ని లేవు? మదర్స్ డే నాడు పూలిస్తే స్త్రీలందరికీ ఇవ్వండి. సండేస్కూలులో మన పిల్లలకు వాక్యం నేర్పినవారిలో బిడ్డలు లేనివారు ఎందరో! దోనావూరులో అమీ కార్మైకేల్, వేలూరులో ఐడా స్కడర్ పెళ్లే చేసుకోలేదు. వారి చేతుల్లో బ్రతికిన పిల్లల లెక్క ఎవరు చెప్పగలరు?

నీ ప్రశ్నకు జవాబు

చెల్లీ, వెళ్లిపోవడం పాపమా అని అడిగావు. నీకు ప్రాణభయం ఉంటే, కొట్టినా హింసించినా, కన్నవారింటికి వెళ్లడం పాపం కాదు, వివేకం. 181 నంబరుకు ఫోను చెయ్యి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కాని ఆయన వంశం కోసం నిన్ను నువ్వే తీసి పారేసుకోవడం మాత్రం దేవుడు అడిగిన బలి కాదు. నువ్వు వెళ్లిపోయినంత మాత్రాన ఆ వివాహం రద్దు కాదు. ఖాళీ కాగితాల మీద గాని, చదవని పత్రాల మీద గాని సంతకం పెట్టకు. మీ పాస్టరుగారి భార్యను గాని, నీకు నమ్మకమున్న పెద్దామెను గాని తోడు తీసుకొని, సంక్రాంతి రాకముందే మీవారితో కూర్చుని మాట్లాడు. "నాకు బిడ్డ కావాలి. మీకూ కావాలి. ఇద్దరం కలిసి పరీక్షకు వెళదాం" అని చెప్పు. ఏడవకుండా చెప్పలేకపోతే ఏడుస్తూనే చెప్పు. హన్నా అలాగే చెప్పుకుంది.

వైద్యంతో కాకపోతే దత్తత ఉంది. ఒకప్పుడు క్రైస్తవ దంపతులు బిడ్డకు సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, చట్టప్రకారం తల్లిదండ్రులు కాలేకపోయేవారు. బాలల న్యాయ చట్టం వచ్చాక, ముఖ్యంగా 2006 సవరణ, 2015 చట్టం తరువాత, ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చు. ఆ బిడ్డకు కన్నబిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి. భార్యాభర్తలిద్దరి సమ్మతి కావాలి, కాపురం రెండేళ్లు నిలిచి ఉండాలి. కేంద్ర దత్తత సంస్థలో పేరు నమోదు చేసుకోవాలి. ఉత్తర్వు ఇచ్చేది ఇప్పుడు జిల్లా కలెక్టరు. శ్రీకాకుళంలో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే దారి చెబుతారు. ఆసుపత్రిలో ఎవరో డబ్బుకు బిడ్డనిస్తామంటే వెళ్లవద్దు, అది నేరం. దత్తత కూడా నీ ఇష్టమే. అదీ మరొక అప్పు కాకూడదు. మీరిద్దరే ఒకరికొకరు చాలుననుకుంటే అదీ ఇల్లే, అదీ కుటుంబమే.

చివరగా మీ అత్తమ్మ మాట. వంశము అనే మాటకు వెదురు అనే అర్థం కూడా ఉంది. ఆ నది ఒడిశా కొండల్లో పుడుతుంది. గొట్టా ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్లి, ఎవరి చేను అని అడగకుండా తడిపి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార ఒడ్డున ఉన్నదానివి, ఆ నీటిని చూసి ధైర్యం తెచ్చుకో. నీ ప్రేమ ఎవరి చేనుకు చేరినా అది వృథా పోదు.

ప్రార్థన: ప్రభువా, అడిగి అలసిపోయిన ఈ నీ కుమార్తెను ఆదరించుము. ఆమె భర్తకు మాట్లాడే ధైర్యమును, ఆమె అత్తకు మృదువైన నోటిని, మా సంఘములకు మౌనముగా ప్రేమించే హృదయమును దయచేయుము. ఇచ్చినను, ఇవ్వకపోయినను ఆమె నీదేనని ఆమెకు తెలియజేయుము. ఆమేన్.

చెల్లీ, సంక్రాంతి తరువాత మళ్లీ రాయి. ఎదురుచూస్తుంటాను.

మీ అక్కయ్య